ఐసు చక్రం ఆగిన రోజు

భూమేశ్ అక్క శ్రీవాణిని గంగన్నకిచ్చారు. జగిత్యాల దగ్గర పక్కపక్క ఊళ్లు వాళ్లవి. గంగన్న ముందు మస్కట్ వచ్చాడు. రెండేళ్లు పనిచేసి, మేనేజర్‌ను బతిమాలి, బామ్మర్దికి కూడా అదే కంపెనీలో వీసా తీయించాడు. భూమేశ్ వడ్రంగి. సైట్ మీద షట్టరింగ్ చెక్కలు కొట్టేవాడు. గంగన్న హెల్పర్. ఏ పని చెబితే ఆ పని.

ఇద్దరి స్వభావాలూ వేరు. గంగన్నకు కోపం రావడం క్యాంపులో ఎవరూ చూడలేదు. మెస్‌లో ఎవరైనా లైను దాటి ముందుకు దూరితే తనే ఇంకో అడుగు వెనక్కి జరిగేవాడు. తన సబ్బు ఎవరో వాడేసుకుంటే కొత్తది కొని మళ్లీ అక్కడే పెట్టేవాడు. భూమేశ్ అట్లా కాదు. ఎవరైనా మాటంటే పొద్దూకేదాకా ఒళ్లు మండుతూనే ఉండేది. ఊరి నుంచి శ్రీవాణి క్యాసెట్‌లో మాటలు నింపి పంపినప్పుడల్లా చివర్లో మొగుడికి ఒకటే చెప్పేది: మా తమ్మునికి కోపమెక్కువ, నువ్వు పక్కనుండి చూసుకో.

తొంభై మూడు ఎండాకాలంలో కంపెనీ మస్కట్ పక్కనున్న బౌషర్ పొలిమేరలో పెద్ద కోల్డ్ స్టోరేజీ కట్టింది. చేపలు, మాంసం నిలవ ఉంచడానికి. మిషన్లు బిగించడానికి ఫిన్లాండ్ నుంచి టాపియో అనే ఇంజనీరు వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ బక్కపలచని మనిషి. ఎండలోకి రావాల్సి వస్తే తడి తువ్వాలు నెత్తిన కప్పుకునేవాడు. మిషన్లు నడిచి, పెద్ద హాలు చల్లబడి, సరుకు రాకముందు ఖాళీగా ఉన్న రోజుల్లో ఆయనకు తన ఊరు గుర్తొచ్చింది. సైట్ ఆఫీసులో వీడియో పెట్టి అందరినీ పిలిచి చూపించాడు.

గడ్డకట్టిన చెరువు. దాని మీద కొందరు మనుషులు మధ్యలో మేకు దిగ్గొట్టి, దానికి తాడు కట్టి, చుట్టూ గీత గీసి, పొడుగు రంపాలతో ఆ గీత వెంట ఐసు కోస్తున్నారు. కోత పూర్తయ్యాక కర్రలతో నెడితే ఆ గుండ్రటి ముక్క, ఇంటి వాకిలంత వెడల్పున్నది, తిరగలి రాయిలా మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. దాని మీద పిల్లలు కుర్చీలు వేసుకుని కూచున్నారు. ఒక ముసలావిడ కాఫీ తాగుతోంది. ఆమె తన తల్లి అని టాపియో చెప్పాడు. చలికాలం ఇరుగుపొరుగు అంతా కలిసి కోస్తారట. కాసేపు నెట్టినవాళ్లు కాసేపు కూచుంటారట. తర్వాత కూచున్నవాళ్లు దిగి నెడతారట.

అప్పుడు ఆ గదిలో కంపెనీ యజమాని కూడా ఉన్నాడు. అర్బాబ్ అంటారు ఆయన్ని. ఆయన ఆ వీడియో రెండుసార్లు వెనక్కి తిప్పించి చూశాడు. ఓపెనింగ్ రోజు గెస్టులను ఇట్లాంటి దాని మీద కూచోబెట్టి తిప్పుదామన్నాడు. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ, లోపల ఐసు మీద కాఫీ. మస్కట్ అంతా చెప్పుకుంటుందన్నాడు. టాపియో చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. అక్కడికక్కడే కాగితం మీద బొమ్మ గీసి, ఎంత నీళ్లు కావాలో లెక్క వేశాడు.

ఫోర్‌మన్ మొయినుద్దీన్‌ది కోరుట్ల. గల్ఫ్‌కు వచ్చి చాలా ఏళ్లయింది. పిల్లలు కోరుట్లలోనే ఇంటర్, డిగ్రీ దాకా వచ్చారు. అరబ్బీ, హిందీ, తెలుగు మూడూ గడగడా మాట్లాడతాడు. ఆఫీసులో వేరే రూమ్ ఉన్నా రాత్రి భోజనం మాత్రం భూమేశ్ వాళ్ల రూమ్‌లోనే. గంగన్న చేసే పచ్చిపులుసు అంటే ఆయనకు ప్రాణం. కింద చాప మీద వాళ్లతో పాటే కూచుని, ఒక్కోసారి గంగన్న కంచంలోంచే ముద్ద తీసుకుని తినేవాడు. అందరూ మొయిన్ భాయ్ అనేవారు. పని ఎక్కువ చెప్పినా మనవాడే కదా అని సర్దుకునేవారు.

హాలు మధ్యలో ఇటుకలతో గుండ్రంగా నడుమెత్తు గోడ లేపి, లోపల టార్పాలిన్ పరిచి ట్యాంకర్లతో నీళ్లు నింపారు. క్యాంపుకు రావలసిన ట్యాంకర్లు కూడా అటే పోయాయి. ఆ రోజుల్లో క్యాంపులో రోజు విడిచి రోజు స్నానం. హాల్లో చలి మైనస్ పదికి పెట్టాక నీళ్లు పైనుంచి గడ్డకట్టసాగాయి. జానెడు మందం దాటి మూరకు దగ్గరపడ్డాక, ఇక కోయవచ్చని టాపియో చెప్పాడు. తన దేశం నుంచి తెప్పించిన పెద్ద పళ్ల రంపాలు రెండు భూమేశ్ చేతిలో పెట్టి ఎట్లా పట్టుకోవాలో చూపించాడు. మోటారు రంపం వాడితే లోపల పొగ నిండుతుంది కాబట్టి చేత్తోనే కోయాలి. ఒకటే మాట గట్టిగా చెప్పాడు: దూది కోట్లు, బూట్లు, చేతి తొడుగులు లేకుండా ఒక్క మనిషి కూడా లోపలికి పోవద్దు. అవి కూడా తన దేశం నుంచే ఆర్డరిచ్చానన్నాడు. ఇంతలో ఇబ్రిలో కంపెనీదే ఇంకో చిన్న కోల్డ్ రూమ్ మిషన్ ఆగిపోయిందని కబురొచ్చింది. మొయినుద్దీన్‌కు మళ్లీ అదే మాట చెప్పి, టాపియో జీపెక్కి ఇబ్రి పోయాడు.

కోట్లు ఇంకా రాలేదని మొయినుద్దీన్ అన్నాడు. ఓడ వచ్చిందిగానీ పోర్టులో ఆగాయట. అవి వచ్చేదాకా ఆగితే ఓపెనింగ్ దాటిపోతుంది, కాస్త సర్దుకోమన్నాడు. రాత్రి చాప మీద కూచుని కంచం ముందు పెట్టుకుని చెప్పాడీ మాట. భూమేశ్ ఎదురు తిరగబోతే గంగన్న చెయ్యి పట్టి ఆపాడు.

వాళ్లు గోనెసంచులు చింపి కాళ్లకు చుట్టుకున్నారు. చొక్కాల లోపల పేపర్లు దోపుకున్నారు. మేజోళ్ల మీద ప్లాస్టిక్ కవర్లు కట్టి కాన్వాస్ బూట్లు తొడుక్కున్నారు. భూమేశ్, గంగన్న, కడప ఫజల్, ఇంకో ఇద్దరు. ఫజల్ కూడా వడ్రంగే. రంపం రెండో కొస అతనిది. మేకు దిగ్గొట్టి తాడు తిప్పి రెండు గీతలు గీశారు. ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య మూరెడు సందు. ఆ సందులో ఐసంతా కోసి, గడ్డపారలతో ముక్కలు చేసి, కొక్కేలతో పైకి లాగి బయట పారెయ్యాలి. రంపం గీసినప్పుడల్లా నీళ్లు చిమ్మి ప్యాంటు మీద పడి అక్కడే బిగుసుకుపోయేవి. చేతులు మొద్దుబారితే బయటికి పరిగెత్తేవారు. బయట ఎండకు ఒక్క నిమిషంలో అంతా కరిగి చెమటతో కలిసేది. ఆ తడి బట్టలతోనే మళ్లీ లోపలికి. ఫజల్ పళ్లు టకటకలాడుతుంటే నవ్వుతూ, ఇట్టాంటి దేశంలో చలికి సచ్చినామంటే ఊళ్లో ఎవడూ నమ్మడన్నాడు.

కోసినంత మాత్రాన అయిపోలేదు. ఎంత కోసినా తెల్లారేసరికి ఆ సందు మళ్లీ గడ్డకట్టేది. చెరువు మీదైతే టాపియో ఊరివాళ్లు ఒక్కరోజు కోసి, ఆడుకుని వదిలేస్తారు. ఇక్కడ ఓపెనింగ్ దాకా రోజూ పొద్దునే మొదట్నుంచీ కోయాలి. మిషన్ చలి తగ్గించి పెడితే గడ్డకట్టదు కదా అని భూమేశ్ అడిగాడు. చక్రం పలచబడితే గెస్టులు మునుగుతారు, మేనేజర్ ఒప్పుకోడని మొయినుద్దీన్ చెప్పాడు.

చివరికి ఒక మధ్యాహ్నం సందు పూర్తిగా తెగింది. భూమేశ్ ఇనుప పైపు తీసుకుని చక్రం అంచుకు ఆనించి ఒంగి నెట్టాడు. ఏమీ కాలేదు. ఫజల్ కూడా చెయ్యి వేశాడు. ముందు చిన్న కరకర శబ్దం వచ్చింది. తర్వాత శబ్దం లేకుండా, అంత బరువైనదీ, మెల్లగా కదిలింది. ఒకసారి కదిలాక ఆగలేదు. అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు. గంగన్న ఏమనుకున్నాడో, అడుగు చాపి చక్రం మీదికెక్కి మధ్యలో బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. చక్రంతో పాటు తిరుగుతూ, గోడలన్నీ తన చుట్టూ తిరుగుతున్నట్టు తల తిప్పుతూ నవ్వాడు. బావ అట్లా పళ్లన్నీ కనబడేలా నవ్వడం భూమేశ్ పెళ్లినాడు కూడా చూడలేదు. మిగతా ఇద్దరూ ఎక్కారు. కాసేపు నెట్టినవాళ్లు కాసేపు కూచోవాలని ఫజల్ అందరికీ గుర్తుచేశాడు.

అప్పుడే తలుపు జరిగింది. మొయినుద్దీన్ లోపలికొచ్చాడు, వెనుక మేనేజర్. మేనేజర్ ఏమీ అనకముందే మొయినుద్దీన్ అరిచాడు.

"దిగండ్రి. ఎవడెక్కమన్నడు మిమ్మల్ని? గెస్టులు కూసునేదాని మీద గలీజు బూట్లతోని ఎక్కుతరా?"

ఇద్దరు దూకేశారు. గంగన్న గాబరాగా లేచాడు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అంచు దాకా వచ్చి అడుగు చాపేసరికి గోనెగుడ్డ కట్టిన కాలు జారింది. ఛాతీ అవతలి అంచుకు బలంగా తగిలింది. కాళ్లు ఐసు కిందికి జారి, సందులో మెడదాకా మునిగిపోయాడు. తిరిగే చక్రం భుజాన్ని గోడవైపు నొక్కేసింది. భూమేశ్ పైపు అడ్డం పెట్టి చక్రాన్ని ఆపాడు. ఫజల్ జుట్టు పట్టుకుని లాగాడు. పైకొచ్చిన గంగన్నకు ఊపిరి అందడం లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. బయటికి మోసుకెళ్లి ఎండలో కూచోబెడితే, ఆ ఎండలో కూడా వణుకుతూనే ఉన్నాడు. మొయినుద్దీన్ వచ్చి ఒకసారి చూసి, ఏం కాదు, ఎండ తగిలితే సర్దుకుంటదని చెప్పి మేనేజర్ వెనకాలే పోయాడు.

మర్నాడు మనుషులు తక్కువయ్యారని మొయినుద్దీన్ గంగన్నను కూడా పిలిచాడు. ఒద్దు బావ అని భూమేశ్ అన్నా గంగన్న వినలేదు. మొయిన్ భాయ్‌కి మాటొస్తుందని లేచి పోయాడు. తడి బూట్లతో పూట పని చేసి, మధ్యాహ్నం వచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. జ్వరం. దగ్గితే ఛాతీ పట్టుకుని మెలికలు తిరిగేవాడు. ఎడమ కాలి వేళ్లు ముందు తెల్లబడి, తర్వాత నల్లబడ్డాయి.

భూమేశ్ ఆఫీసుకు పోయి బండి అడిగాడు. మొయినుద్దీన్ జ్వరం మాత్రలిచ్చి పంపాడు. తెల్లారి మళ్లీ పోయాడు.

"మొయిన్ భాయ్, బావ ఒళ్లు కాలిపోతున్నది. కాలివేళ్లు నల్లవడ్డయి. ఒక్క బండి ఇయ్యి, దవాఖానకు తీస్కపోత."

"రేపు ప్రోగ్రాం అయిపోనియ్యి భూమేశ్. బండ్లన్నీ గెస్టుల కోసం పెట్టిన్రు. నా చేతుల ఏమున్నది చెప్పు."

బండి లేకుంటే పాయె, బతాకా అన్నా ఇవ్వమన్నాడు భూమేశ్. బతాకా అంటే లేబర్ కార్డు. అది లేకుండా రోడ్డు మీదికి పోతే పోలీసు, ఆసుపత్రిలో అడిగితే జవాబు లేదు. కార్డులన్నీ మేనేజర్ బీరువాలో ఉన్నాయి, మేనేజర్ అర్బాబ్ ఇంట్లో ఉన్నాడు. భూమేశ్, ఫజల్ కలిసి గంగన్నను చెరో రెక్క పట్టుకుని రోడ్డు దాకా నడిపిద్దామని చూస్తే క్యాంపు గేటు కూడా దాటలేకపోయారు. వాచ్‌మన్ ఆపలేదు, గంగన్నే కూలబడిపోయాడు. మళ్లీ మోసుకొచ్చి పడుకోబెట్టారు. తడి గుడ్డ నుదుటి మీద వేసి మారుస్తూ కూచున్న భూమేశ్‌కు గోడ మీద తల బాదుకోవాలనిపించింది. గంగన్న కళ్లు తెరిచి, మొయిన్ భాయ్‌ని ఏమనకు, ఆయనకు పైనుంచి ఒత్తిడి ఉంటదని గొణిగాడు. అది వినేసరికి భూమేశ్ కోపం ఇంకింతయింది.

ఓపెనింగ్ సాయంత్రం, అసర్ నమాజు తర్వాత. గంగన్న దగ్గర ఒక తోటివాణ్ని కూచోబెట్టి భూమేశ్ డ్యూటీకి పోయాడు. ప్రోగ్రాం అవ్వగానే మొదటి బండి నీకేనని మొయినుద్దీన్ మాటిచ్చాడు. చక్రం నెట్టే నలుగురికీ కంపెనీ పేరున్న కొత్త టీషర్టులు ఇచ్చారు. లోపల పేపర్లు పెట్టుకుంటే ఉబ్బెత్తుగా కనబడతాయని తీయించారు. చక్రం మీద ఎర్ర తివాచీ, కుర్చీలు, మధ్యలో కాఫీ కూజా పెట్టిన బల్ల. నలుగురూ నాలుగు దిక్కులా పైపులు పట్టుకుని నిలబడ్డారు.

తలుపు తెరుచుకుంది. అర్బాబ్ ముందు వచ్చాడు. వెనుక గెస్టులు, ఆడవాళ్లు, పిల్లలు. అందరి ఒంటి మీదా మందపాటి నీలం కోట్లు. మెడ చుట్టూ బొచ్చు. కాళ్లకు మోకాళ్ల దాకా బూట్లు. కోట్లన్నీ మోటు పని చేసే మగవాళ్ల కొలతలు. ఆడవాళ్ల చేతులు సగం సంచిలాంటి ఆ చేతుల్లోనే ఉండిపోయాయి. పిల్లలకు అవి నేలమీద ఈడుస్తున్నాయి. తలుపు దగ్గర పెద్ద అట్టపెట్టె ముందు నిలబడి మొయినుద్దీన్ ఒక్కొక్కరికీ కోటు తొడుగుతున్నాడు.

ఆ కోట్లు ఎక్కడివో భూమేశ్‌కు మొదట అర్థం కాలేదు. చక్రం నెట్టసాగాడు. గెస్టులు కూచున్నారు, కాఫీ పోశారు, పిల్లలు కేకలు పెట్టారు. చక్రం తిరుగుతూ ఒకాయన భూమేశ్ ముందుకొచ్చాడు. ముత్రాలో పెద్ద షాపున్న ఇండియా వ్యాపారి. కోటు బాగుంది, ఎక్కడ కొన్నారని ఆయన పక్కనున్న మేనేజర్‌ను హిందీలో అడిగాడు. ఫిన్లాండ్ నుంచి వచ్చాయని మేనేజర్ చెప్పాడు. ఇంజనీరు పనివాళ్ల కోసమని తెప్పించాడట. పని మొదలుకాకముందే వచ్చాయి, వాళ్లకిస్తే వారంలో మసిగుడ్డలు చేస్తారు, అందుకే మీ కోసం శుభ్రంగా దాచి ఉంచానన్నాడు. ఇద్దరూ నవ్వారు. చక్రం వాళ్లను అటు తీసుకుపోయింది.

భూమేశ్ ఫజల్ వైపు చూశాడు. ఫజల్ కూడా విన్నాడు.

భూమేశ్ పైపు వదిలేశాడు. అది ఐసు మీద పడి పెద్ద చప్పుడు చేసి, సందులోకి జారి మునిగిపోయింది. ఫజల్ తన పైపును గోడకు ఆనించాడు. మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చేతులు దించుకున్నారు. చక్రం ఇంకో సగం చుట్టు దానంతటదే తిరిగి నిలిచిపోయింది. పిల్లలు ముందుకు వంగి, తిప్పండి తిప్పండి అని అరబ్బీలో అరిచారు.

మొయినుద్దీన్ పరిగెత్తుకొచ్చాడు. ఏమైందని అడగలేదు. గోడకున్న పైపు తీసుకుని తనే నెట్టబోయాడు. ఒక్కడి బలానికి అది కదల్లేదు. ఇంకోసారి ఒంగి తోశాడు. పైపు జారి మోకాళ్ల మీద పడ్డాడు. ఒక పిల్ల కిలకిలా నవ్వింది. భూమేశ్ చెయ్యి అందించలేదు. పైనుంచి చూస్తూ అడిగాడు.

"కోట్లు వచ్చినయని నీకు ఎరికేనా?"

మొయినుద్దీన్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించి, ఇప్పుడు కాదన్నాడు. భూమేశ్ మళ్లీ అదే అడిగాడు.

"ఎరికే," అన్నాడు మొయినుద్దీన్.

ఆ మాటతో భూమేశ్ చెయ్యి లేచింది. ఫజల్ వెనుకనుంచి పట్టుకున్నాడు. అర్బాబ్ కుర్చీలోంచి లేచి ఏం జరుగుతోందని అడిగాడు. ఆయనకు హిందీ బాగానే వచ్చు. భూమేశ్ ఆయనతోనే చెప్పాడు. మీరు వేసుకున్న కోట్లు మావి. అవి లేక మా బావ రూమ్‌లో చావుకు దగ్గరపడి ఉన్నాడు. బండి అడిగితే ఇది అయ్యాక అంటున్నారు. అతన్ని దవాఖానకు పంపేదాకా ఇది తిరగదు.

మేనేజర్ ఏదో సర్దిచెప్పబోతే అర్బాబ్ చేత్తో ఆపి, జబ్బు మనిషి ఉన్న మాట నిజమేనా అని మొయినుద్దీన్‌ను అడిగాడు. మొయినుద్దీన్ తలూపాడు. అర్బాబ్ తన డ్రైవర్ను పిలిచి, ఆ మనిషిని ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. దయ వల్ల కాదు. గెస్టుల ముందు ఇంకో మాట రాకుండా ఈ గొడవ తలుపు బయటికి పోవాలి, అంతే. అది ఆయన మొహంలోనే కనబడింది. ఆ వెంటనే మేనేజర్ వైపు తిరిగి, ఈ నలుగురూ ఇక తన కంపెనీలో కనబడకూడదన్నాడు.

గంగన్నను తెల్లటి పెద్ద కారులో, వెనుక సీట్లో పడుకోబెట్టుకుని తీసుకుపోయారు. రెండు ఊపిరితిత్తుల్లోనూ నిమ్ము చేరిందని డాక్టర్లు చెప్పారు. ఇంకో రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. ఎడమ కాలి రెండు వేళ్లు తీసేశారు.

కబురు తెలిసి టాపియో ఇబ్రి నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, కట్టు కట్టిన కాలు చూసి, మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. కోట్లు తను తెప్పించాననీ, తొడుక్కునే పనిచేస్తున్నారనుకున్నాననీ వచ్చీరాని హిందీలో చెప్పాడు. భూమేశ్‌కు ఆయన మీద జాలి కలగలేదు. మీరు చెప్పి పోయారు, తర్వాత ఒక్కసారి ఫోన్ చేసి అడగలేదు, ఆట మీది, చలి మాదా అన్నాడు. టాపియోకు ఆ మాటలన్నీ అర్థం కాలేదు కానీ కోపం అర్థమైంది. ఆఫీసుకు పోయి మేనేజర్ టేబుల్ మీద గుద్ది అరిచాడని తర్వాత ఫజల్ వచ్చి చెప్పాడు. దానివల్ల ఒకటే జరిగింది. గంగన్నను మాత్రం పంపించరట, ఆఫీసులో టీ పెట్టే పనిలో ఉంచుకుంటారట.

కోట్ల సంగతి గంగన్నకు భూమేశ్ చెప్పలేదు. కాస్త తేరుకున్నాక చెబుదామనుకున్నాడు. తనకు ఎగ్జిట్, అంటే దేశం వదిలి పొమ్మనే కాగితం, వచ్చిందనీ, ఫజల్, మిగతా ఇద్దరూ నిజ్వాలో ఇంకో చోట పని వెతుక్కుంటున్నారనీ మాత్రం చెప్పాడు. గంగన్న ఎప్పటిలాగే, పోనీలే, నీ కోపం నీకు నష్టం తెచ్చింది, మీ అక్కకు నేను ఏం చెప్పాలె అని బాధపడ్డాడు.

భూమేశ్ బయల్దేరాల్సిన రోజుకు ముందురోజు మొయినుద్దీన్ ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో యాపిల్ పళ్లు, భూమేశ్ పాస్‌పోర్ట్. భూమేశ్ లేచి కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. గంగన్న మాత్రం కూసో మొయిన్ భాయ్ అని స్టూలు చూపించాడు. కాసేపు జ్వరం గురించీ తిండి గురించీ మాట్లాడుకున్నారు. తర్వాత మొయినుద్దీన్ మొహం తుడుచుకుని, నన్ను మాఫ్ చెయ్యి గంగన్నా అన్నాడు. ఎందుకని గంగన్న అడిగాడు. అతనికేమీ తెలియదని మొయినుద్దీన్‌కు అప్పుడు అర్థమైంది. ఇక దాచలేకపోయాడు. కోట్లు మొదటిరోజే వచ్చాయనీ, ఇవ్వొద్దని మేనేజర్ చెప్పాడనీ, ఇస్తే తన వీసా రెన్యువల్ కాదని భయపడ్డాననీ, పోర్టులో ఉన్నాయని తనే కల్పించి చెప్పాననీ మొత్తం చెప్పేశాడు. పెట్టె తన రూమ్‌లోనే, మంచం పక్కనే ఉందన్నాడు.

గంగన్న మోచేతులు ఆనించి లేచి కూచున్నాడు. భూమేశ్ కిటికీ దగ్గర్నుంచి తిరిగి చూశాడు. బావ మొహంలో ఎప్పుడూ చూడనిదేదో కనబడింది.

"నువ్వు నా కంచంల తిన్నవ్ మొయిన్ భాయ్," అన్నాడు గంగన్న. "కోట్లు నీ మంచం పక్కన పెట్టుకొని, ఇంకా రాలేదని చెప్పుకుంట నా కంచంల చెయ్యి పెట్టి తిన్నవ్. మేనేజర్ ఎవడో నాకు తెల్వదు. వాన్ని నేనేమనను. నువ్వు ఎరికైనోనివి."

మొయినుద్దీన్ ఏదో చెప్పబోయాడు. తన పిల్లలు, తన కష్టం.

"పిల్లలు నాకు లేరా?" గంగన్న గొంతు పెరిగింది. పక్క మంచాలవాళ్లు తలలు తిప్పారు. "నిన్ను ఏమనొద్దని నా బామ్మర్దిని ఆపిన. జ్వరంల గూడ ఆపిన. నా నోటితోని ఆపిన. ఇగ లెవ్వు. నీ పండ్లు తీస్కపో. నా పాస్‌పోర్ట్ గూడ తెచ్చియ్యి. ఈ కంపెనీ బువ్వ నాకొద్దు."

మొయినుద్దీన్ లేచాడు. పళ్ల సంచి తీసుకోకుండా తలుపు వైపు నడిస్తే, తీస్కపో అని గంగన్న మళ్లీ అరిచాడు. ఆయన వెనక్కొచ్చి సంచి తీసుకుని పోయాడు. అరిచిన అరుపుకు గంగన్నకు దగ్గు ఎగదన్నుకొచ్చింది. భూమేశ్ వీపు రాస్తూ నీళ్లు తాగించాడు. దగ్గు తగ్గాక గంగన్న అతని చెయ్యి పట్టుకుని, ఆ కోట్లు ఎట్లుండె, ఎవరెవరు తొడుక్కున్నరు, అంతా చెప్పమన్నాడు. భూమేశ్ చెప్పాడు. పిల్లలు నేలమీద ఈడ్చుకుంటూ నడిచిన సంగతి దాకా చెప్పాడు. గంగన్న కళ్లు మూయకుండా విన్నాడు. విని, ఇంకోసారి చెప్పమన్నాడు.

గంగన్నకు నడవడం వచ్చేదాకా భూమేశ్ ఎగ్జిట్ కూడా ఆగింది. టాపియో పట్టుబట్టి ఆపించాడని కొందరన్నారు. ఇద్దరూ కలిసే బొంబాయిలో దిగి, జగిత్యాల బస్సెక్కారు. బస్సు నిండా గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు, వాళ్లను తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు. పక్క సీట్లో ఒకతను గంగన్న కాలు చూసి, సైట్ మీద ఏమైనా పడ్డదా అన్నా అని అడిగాడు. ఇంతకుముందైతే ఇట్లాంటివాటికి గంగన్న ఏదో అంటూ దాటేసేవాడు. ఆ రోజు అతని వైపు తిరిగి కూచుని మొదట్నుంచీ చెప్పసాగాడు. కోరుట్ల మొయినుద్దీన్ అని పేరు పెట్టి చెప్పాడు. ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగారు. ఒకతనికి కోపమొచ్చి మేనేజర్‌ను తిట్టబోతే, నేను చెప్పేది మొయినుద్దీన్ గురించి, పూర్తిగా విను అని గంగన్న అతన్ని గద్దించాడు. బస్సు ఘాట్ ఎక్కుతోంది. భూమేశ్ పక్కనే కూచుని ఒక్క మాట కూడా కలపలేదు. కలపాల్సిన అవసరం రాలేదు.